తెర రెండుసార్లు అడిగింది

మహిళల వార్డు, కిటికీ పక్క మంచం దగ్గర నుంచి
తొమ్మిదో తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర

చిరంజీవి లెక్కలపిల్లకు,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ముందు ఒక మాట, కంగారు పడకు. మీ అత్త బాగుంది. ఇందాకే పాలు తెచ్చిన అమ్మాయిని నిలబెట్టి, ఇవి పాలా పాలగిన్నె కడిగిన నీళ్ళా అని దులిపేసింది. ఆవిడ ఆ మాత్రం నోరు చేసుకుంటోందంటే క్షేమంగా ఉన్నట్టే లెక్క. నీ క్షేమం నువ్వు రాయవు కాబట్టి, నువ్వూ క్షేమమేనని నేనే రాసేసుకుంటున్నాను.

ఆరుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచిదైందిలే. ఫోన్లో అయితే నేను చెబుతుండగా మధ్యలో నువ్వు అందుకుంటావు, నాకు కోపం వస్తుంది, ఇద్దరం ఠక్కున పెట్టేస్తాం. రెండేళ్ళుగా మన పద్ధతి అదే కదా. కాగితానికి ఎదురు చెప్పే అలవాటు లేదు.

నీతో పనిచేసే ఆ బట్టతల ఇంజనీరు నిన్న ఫోన్ చేశాడు. మంచివాడు. ఇరవై రెండో తేదీన విచారణ ఉందనీ, మీ అత్త ఆపరేషన్‌లో నీ యంత్రం మత్తుమందు ఎక్కువ పోయడానికి నువ్వు రాసిన లెక్కే కారణమని నీ చేత సంతకం పెట్టిస్తారనీ చెప్పాడు. ఆ సంతకం పడితే పదకొండు ఆసుపత్రుల్లో నీ యంత్రాలు ఆపేస్తారట, నిన్ను ఆ పనిలోంచి తీసేస్తారట. నువ్వేమో ఎదురు మాట్లాడకుండా, పెడతాను, మా అత్తను చంపబోయింది నేనే అంటున్నావట. రెండు రోజులుగా సరిగ్గా తిండి కూడా తినడం లేదట. అందుకే ఆ రోజు జరిగింది మొదట్నుంచి రాస్తున్నాను. రిపోర్టులో ఉన్నట్టు కాదు, నేను చూసినట్టు.

పోయిన గురువారం మీ అత్త పై అరలో డబ్బా అందుకోవడానికి స్టూల్ ఎక్కింది. డెబ్బై ఒకటో ఏట స్టూల్ ఎక్కడమేమిటి అని ఇప్పుడు అడిగితే, డబ్బా దిగి రాదు కదా, నేనే ఎక్కాలి అంటుంది. పడింది. తుంటి ఎముక విరిగింది. గుండె కోసం రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటోంది కదా, నడుముకు సూది వేసి కాళ్ళ వరకు తిమ్మిరెక్కించే దారి మూసుకుపోయింది. పూర్తిగా మత్తు ఇవ్వాల్సిందే. మా ఆసుపత్రికి మత్తు డాక్టరు లేరు. ఉన్నదల్లా టెక్నీషియన్‌ని నేనూ, నీ యంత్రమూ. అంబులెన్స్‌లో నాలుగు గంటలు తీసుకెళ్దామా అంటే, ఆ గతుకుల్లో ఆవిడను కదిలించలేం. శుక్రవారం మధ్యాహ్నం ఇక్కడే చేసేద్దామని ఎముకల డాక్టరు అన్నాడు. నేను సరేనన్నాను.

నీకే నీ యంత్రం గురించి చెబుతున్నానని నవ్వుకో. కానీ నువ్వు దాన్ని తయారుచేసి పంపేశావు, రోజూ దాని పక్కన నిలబడేది నేను. మీ అత్త దానికి అల్లుడుగారని పేరు పెట్టింది. నువ్వు పెళ్ళి మాట ఎత్తకుండా ఇంటికి పంపిన అల్లుడట. ఒంటి మీద దుమ్ము పడనివ్వకూడదు, ఏసీ ఆపకూడదు, ఏం కావాలన్నా కూర్చున్న చోటుకే తెచ్చివ్వాలి. ఇప్పుడు థియేటర్‌లో అందరం అలాగే పిలుస్తున్నాం, సూపరింటెండెంటుతో సహా. రోగి నుదుటికి పట్టీ అంటిస్తాం. అది మెదడు ఎంత లోతుగా నిద్రపోతోందో కొలిచి ఒక అంకె చూపిస్తుంది. యాభై దగ్గర ఉంటే హాయి. నలభై దిగితే మరీ లోతు, అరవై దాటితే మెలకువ వైపు. ఆ అంకెను బట్టి అల్లుడుగారు పాలలాంటి ఆ తెల్ల మత్తుమందును పంపులోంచి తనంతట తానే పెంచుతారు, తగ్గిస్తారు. ఎక్కడో నగరంలో డాక్టరమ్మ ఇదంతా తెర మీద చూస్తూ ఆజ్ఞలిస్తుంది. ఇక్కడ నేను గాలి గొట్టం వేసి, రోగి తల దగ్గర నిలబడతాను.

ఇది వద్దని నేను నలభై మంది టెక్నీషియన్ల చేత సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చినవాణ్ణి. మొదటి సంతకం నాదే. అది నువ్వు మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. అర్జీ అందిన రోజు నువ్వు ఫోన్ చేసి, నాన్నా, నీకు నా యంత్రం మీద కోపమా, నిన్నడగకుండా నేను ఎదిగానని కోపమా అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను.

శుక్రవారం రెండు గంటలకు మీ అత్తను లోపలికి తెచ్చాం. స్ట్రెచర్ మీద నుంచి బల్ల మీదికి మార్చడం చాలా కష్టమైంది. కాలు అంగుళం కదిలితే ఆవిడ పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారట. నలభై ఏళ్ళలో మీ అత్త ఏడవడం నేను చూడలేదు. మీ అమ్మ పోయినప్పుడు కూడా నిన్ను ఒళ్ళో వేసుకుని, నన్ను తిడుతూనే ఉంది తప్ప కన్నీళ్ళు పెట్టలేదు. శుక్రవారం నాడు మాత్రం నా చెయ్యి పట్టుకుని, ఒరేయ్ తమ్ముడూ, ఏదైనా చెయ్యరా, ఓర్చుకోలేకపోతున్నాను అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఎలాగో మార్చాం. రెండున్నరకు డాక్టరమ్మ సరేనంది, పంపు కదిలింది, అత్త నిద్రలోకి జారుకుంది. అంకె నలభై నాలుగు. గొట్టం వేశాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాం. పాత సెలైన్ బాటిల్ అయిపోతే నర్సు తీసేసి కొత్తది తగిలించింది. అంతా పద్ధతి ప్రకారమే ఉంది.

కోత పెట్టి పది నిమిషాలు కాలేదు, అంకె పైకి రావడం మొదలుపెట్టింది. యాభై రెండు. యాభై ఎనిమిది. అరవై నాలుగు. పంపు చప్పుడు మారింది. కుట్టుమిషన్ నెమ్మదిగా తొక్కినట్టుండే చప్పుడు వేగం అందుకుంది. డాక్టరమ్మ స్పీకర్లో, ఆవిడ మెలకువలోకి వస్తోంది, మందు వెళ్ళనివ్వండి అంది. న్యాయమే. కత్తి కింద మనిషికి తెలివి రావడం కన్నా ఘోరం లేదని నాకు మొదటి రోజు నేర్పిన పాఠం.

కానీ బీపీ దిగుతోంది. నూట ముప్పై ఉన్నది నూట నాలుగయింది. మళ్ళీ కొలిస్తే ఎనభై ఆరు. మెలకువ వస్తున్న మనిషికి బీపీ పెరగాలి, దిగకూడదు. డాక్టరమ్మ ఎముకల డాక్టరును రక్తం ఎక్కడైనా పోతోందా అని అడిగింది. ఆయనకు రోషం వచ్చింది. ఇక్కడ చెంచాడు కూడా లేదు, మీరొచ్చి చూసుకోండి అన్నాడు. ఆమె ఎలా వస్తుంది.

అప్పుడు తెర మీద నువ్వు పెట్టిన ప్రశ్న వచ్చింది. రోగికి చేత్తో ఇంకేదైనా మందు ఇచ్చారా? అవును, లేదు అని రెండు గళ్ళు. ఆపరేషన్ మొదట్లో ఒకసారి వస్తుంది, ఇలా అంకె ఒకవైపు, బీపీ ఒకవైపు పోతున్నప్పుడు మళ్ళీ వస్తుంది. లేదు అని జవాబు వెళ్ళింది. అది రికార్డులో ఉంది, నువ్వూ చూసే ఉంటావు. ఇంకే మందూ లేదు కాబట్టి అంకె చెప్పేదే నిజమని అల్లుడుగారు తీర్మానించుకున్నారు. డాక్టరమ్మ కూడా అదే నమ్మి కొనసాగించమంది. పంపు ఇంకా వేగం పెంచింది.

సరిగ్గా ఆ సమయానికి లైన్ తెగింది. డాక్టరమ్మ బొమ్మ చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. నేను మేడమ్, మేడమ్ అని అరిచాను. యంత్రం ఆఖరి ఆజ్ఞనే పట్టుకుని పోస్తూనే ఉంది. బీపీ పట్టీ గాలి నింపుకుంది, వదిలింది, మళ్ళీ నింపుకుంది, ఏ అంకే చూపించలేదు. అత్త మెడ మీద వేళ్ళు పెట్టాను. మొదట ఏమీ తగల్లేదు. తర్వాత ఎక్కడో అడుగున, ఉందో లేదో అన్నట్టు కొట్టుకుంది. పెదవుల రంగు పోయింది. తెర మీద అంకె డెబ్బై ఒకటి. యంత్రం లెక్క ప్రకారం మీ అత్త దాదాపు మేలుకుని ఉంది. నా వేళ్ళ లెక్క ప్రకారం దాదాపు వెళ్ళిపోయింది.

ఎర్ర మీట తిప్పి మందును నా చేతిలోకి తీసుకున్నాను. పంపు ఆగింది. ఎముకల డాక్టరు గాయంలో గుడ్డలు కుక్కాడు, అందరం కలిసి ఆవిడను వెల్లకిలా తిప్పాం. బీపీ పెంచే మందు ఒకసారి ఇచ్చాను, నిమిషం ఆగి మళ్ళీ ఇచ్చాను. పెద్ద నర్సు పీట ఎక్కి గుండె మీద అరచేతులు ఆనించి, నేను ఊ అంటే నొక్కడానికి సిద్ధంగా నిలబడింది. నా వేళ్ళు మెడ మీదే ఉన్నాయి. నేను దేవుణ్ణి తలచుకోలేదు. అక్కా, నన్ను తిట్టు, ఒక్కసారి తిట్టు అనుకుంటూ ఉన్నాను.

నాలుగో నిమిషానికి వేళ్ళ కింద గట్టిగా ఒక దెబ్బ తగిలింది. తర్వాత ఇంకొకటి. బీపీ డెబ్బై, ఎనభై, తొంభై ఆరు. లైన్ వచ్చేసరికి డాక్టరమ్మ తెరలోంచి మమ్మల్ని చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. మిగతా ఆపరేషన్ అంతా నేనే చేత్తో మత్తు ఇచ్చి పూర్తిచేయించాను. నాలుగూ నలభైకి బయటికి తెచ్చాం.

ఆ తర్వాత ఇక్కడ నాకు జరిగిన మర్యాదలు చెబితే నువ్వు నమ్మవు. సూపరింటెండెంటు తన గదిలో కూర్చోబెట్టి తనే టీ పోసిచ్చాడు. అంకె తప్పు చూపించే కారణమేదీ కనబడకుండానే యంత్రాన్ని ఆపాలని మీకెలా తోచిందండీ అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే, అనుభవం అండీ, అనుభవం అని ఆయనే రాసేసుకున్నాడు. అర్జీ మీద సంతకం పెట్టిన నలభై మందిలో సగం మంది ఫోన్ చేసి, అన్నా, మన మాటే నిజమైంది అన్నారు. రిటైరవడానికి ఏడు నెలలున్న మనిషిని ఒక్క రోజులో నెత్తికెత్తుకున్నారు. యంత్రం తనంతట తాను మందు పోసిందని నేనిచ్చిన కాగితం విచారణ ఫైల్లో మొదటి పేజీ అయింది. ఇరవై రెండున నీ ముందు పెట్టేది ఆ పేజీనే.

మీ అత్త శనివారం మధ్యాహ్నానికి పూర్తిగా తెలివిలోకి వచ్చింది. ఆదివారం నన్ను దగ్గరికి పిలిచి ఒక మాట అడిగింది. ఆ మాట వినగానే లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. అది ఏమిటో చివర్లో రాస్తాను. రాయగలిగితే.

నిన్న ఆవిడను వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించారు. అయిదో అడుగు ఎందుకు వేయనివ్వరని పోట్లాడింది. నీ సంగతి అడుగుతూనే ఉంది. లెక్కలపిల్ల రాలేదేం, లెక్క తప్పిందని సిగ్గుపడుతోందా అంటోంది. రా అమ్మా. యంత్రాన్ని తిట్టను. నీ చదువును తిట్టను. వచ్చి ఆవిడ పక్కన కూర్చో చాలు.

వేళకు తిను. బట్టతల ఇంజనీరుకు నా కృతజ్ఞతలు చెప్పు.

నీ రాక కోసం చూసే
మీ నాన్న

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను. జిగురు రాసే ముందు మళ్ళీ తీశాను. మీ అత్త నిద్రపోతోంది, ఇప్పుడు రాయకపోతే ఇక రాయను. పైన అంతా నేను చూసినట్టు రాశాను, చేసినట్టు రాయలేదు.

మీ అత్త ఆదివారం అడిగింది ఇది. బల్ల మీదికి మార్చేటప్పుడు నాకు రెండుసార్లు ఏదో మందు ఎక్కించావు కదరా, హాయిగా తేలిపోయినట్టు అనిపించింది, ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పావా?

చెప్పలేదు. ఆవిడ ఏడుస్తుంటే చూడలేక కెటమిన్ ఇచ్చాను, నొప్పి తెలియకుండా. డాక్టరమ్మను అడగలేదు, తెరలో ఎక్కించలేదు. మా పాత పద్ధతిలో తెల్ల ప్లాస్టర్ ముక్క మీద రాసి సెలైన్ బాటిల్‌కు అంటించాను. మీ థియేటర్లో రికార్డులు ప్లాస్టర్ మీద ఉంటాయా నాన్నా అని నువ్వు నవ్వేదానివే, అదే. అయిపోయిన బాటిల్‌తో పాటు అది చెత్తబుట్టలోకి పోయింది. ఆ నర్సు తప్పేమీ లేదు, బాటిల్ అయిపోతే తీయాలి కదా. కెటమిన్ ఒంట్లో ఉంటే ఎంత లోతు నిద్రలో ఉన్నా నుదుటి మీది అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే నువ్వు ఆ ప్రశ్న పెట్టావు. నన్ను దృష్టిలో పెట్టుకునే పెట్టావని కూడా నాకు తెలుసు.

మొదటిసారి తెర అడిగినప్పుడు చదవకుండానే లేదు నొక్కాను. రోజూ అలాగే నొక్కుతాను, ప్లాస్టర్ ఉంది కదా అని. రెండోసారి అడిగినప్పుడు చదివాను. బాటిల్ వైపు చూశాను, ప్లాస్టర్ లేదు. గుర్తొచ్చింది. అవును అని నొక్కి ఉంటే పంపు అక్కడే ఆగేది, బీపీ ఎనభై ఆరు దగ్గరే ఆగేది. ఒకసారి లేదన్నవాణ్ణి అందరి ముందూ అవుననలేక మళ్ళీ లేదు నొక్కాను. ఇంకొకటి కూడా రాయాలి, రాసేస్తాను. అంకె పెరుగుతుంటే నాలో ఒక మూల, చూశావా, నేను చెప్పలేదూ అనిపించింది. నా అక్క ఆ బల్ల మీద ఉండగా, నా కూతురు ఓడిపోతోందని నాకు సంతోషం కలిగింది. ఒక్క క్షణమే. కానీ కలిగింది. అర్జీ అందిన రోజు నువ్వు ఫోన్లో అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

మీట తిప్పింది అనుభవం కాదు, భయం. కారణం తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. లైన్ తెగాక కూడా పాత ఆజ్ఞతోనే పోస్తూ ఉండటం మాత్రం నీ తప్పే, అది సరిచేసుకో. మిగతాదానికి నువ్వు సంతకం పెట్టడానికి వీల్లేదు. నేను కొత్త కాగితం రాసి సూపరింటెండెంటు చేతికి ఇచ్చాకే ఈ ఉత్తరం పోస్టు చేస్తాను. ఇరవై రెండున నేనూ అక్కడికి వస్తున్నాను. వాళ్ళు ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఆ రోజు ఒకే గదిలో ఉంటాం.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక చెత్తబుట్టలోంచి ఆ ప్లాస్టర్ ముక్క ఏరి కళ్ళజోడు పెట్టెలో దాచాను. పారేయలేకపోయాను, చూపించలేకపోయాను. ఇప్పుడు ఈ కాగితం అడుగున అంటిస్తున్నాను. తడిసి కొంచెం అలుక్కుపోయింది, చదవలేకపోతావేమోనని మళ్ళీ రాస్తున్నాను. కెటమిన్, రెండూ పదికి ఇరవై మిల్లీగ్రాములు. రెండూ పద్దెనిమిదికి ఇంకో ఇరవై. చేతిరాత నాదే.